ఒళ్లునొప్పులే కదా అనుకోవద్దు... పెరిగిన ఊరూ డాక్టర్‌కు చెప్పాలి

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న కుర్రాడికి జ్వరం వచ్చి, మోకాలు వాచిందనుకుందాం. రెండ్రోజులకు మోకాలు నెమ్మదించి చీలమండ పట్టుకుంది. క్యాంపస్ క్లినిక్ డాక్టర్‌కు ముందుగా తట్టేవి వైరల్ జ్వరం, లైమ్ వ్యాధి, గనేరియా లాంటివి. అక్కడ ఈ వయసువాళ్లలో చూసేవి అవే మరి. రుమాటిక్ జ్వరం అక్కడి చాలామంది యువ డాక్టర్లకు పుస్తకంలో చదివిన జబ్బు. మన దగ్గర అది ఇంకా పోలేదు.

స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో గొంతునొప్పి వచ్చిన రెండు, మూడు వారాలకు ఇది మొదలవుతుంది. ఎక్కువగా 5-15 ఏళ్ల పిల్లల్లో కనిపిస్తుంది. అలాగని పాతికేళ్లవాళ్లకు రాదని కాదు. కీళ్లనొప్పి తగ్గిపోతుంది, గుండె కవాటాలకు జరిగిన నష్టం మాత్రం మిగిలిపోవచ్చు.

ఒక్క రక్తపరీక్షతో ఇది తేలదు. 1944లో డాక్టర్ డకెట్ జోన్స్ ఇచ్చిన లక్షణాల పట్టికే ఇప్పటికీ ఆధారం. దాన్ని 2015లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సవరించింది. అసలు మెలిక ఇక్కడే ఉంది. జబ్బు అరుదైన సమాజాల్లో పలు కీళ్లు వాస్తేనే ప్రధాన లక్షణం. ముప్పు ఎక్కువున్న చోటివారికి ఒక్క కీలు వాచినా చాలు. వాపు లేకుండా పలు కీళ్లు నొప్పి పెట్టినా, వేరే కారణం లేదని తేలితే లెక్కే. జ్వరం కూడా 38.5 కాదు, 38 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. గుండె చప్పుడు మామూలుగా ఉన్నా ఎకో తీయాలన్నది ఇద్దరికీ వర్తిస్తుంది.

అంటే అదే మోకాలు, అదే జ్వరం. కొలబద్ద మాత్రం మనిషి ఎక్కడ పెరిగాడన్నదాన్ని బట్టి మారుతుంది. ఫారంలో అడ్రస్ డాలస్ అని ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు ఎలా తెలుస్తుంది? మీరే చెప్పాలి. ఈమధ్య గొంతునొప్పి వచ్చిందా, చిన్నప్పుడు 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించారా అన్నది అమ్మకు ఫోన్ చేసి కనుక్కోండి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ.

ఇంకోటి, సూట్‌కేసులో పట్టుకెళ్లిన నొప్పి మాత్రలు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఈ కీళ్లనొప్పిని ఇట్టే లాగేస్తాయి. దాంతో డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి చూపించడానికి వాపే ఉండదు. ముందే వేసుకుంటే ఆ మాటా చెప్పేయండి.

నిర్ధారణ అయితే కోర్సుతో, వీసాతో పాటు ఇంజెక్షన్ తేదీలూ చూసుకోవాలి. పాతికేళ్ల వ్యక్తికి గుండె జోలికి రాకపోతే సాధారణంగా 5 ఏళ్లు, వస్తే 10 ఏళ్లు. కవాటం దెబ్బతిని ఉంటే కనీసం 40 ఏళ్ల వయసు దాకా. ఉద్యోగం, ఇన్సూరెన్స్ మారే నెలల్లోనే డోసు తప్పిపోయే ప్రమాదం ఎక్కువ.