పెరట్లో కొట్టం కడుతున్నారా? ముందు ఇవి చదవండి

పసుపు ఆరి, మక్కలు ఇంటికి చేరే రోజుల్లో పెరట్లో చిన్న కొట్టం ఉంటే బాగుండునని ప్రతి ఇల్లాలికీ అనిపిస్తుంది. మేస్త్రీ కూలి మిగులుతుందని చాలామంది స్వయంగా కట్టుకుంటున్నారు. కట్టుకోవడం మంచిదే. కాని ఆ నాలుగు గోడల విషయంలో చేసే కొన్ని పొరపాట్లు ప్రాణం మీదికి తెస్తాయి. ఈ వారం అటువంటి మూడు ఉత్తరాలకు జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా మామగారూ, మా ఆయనా కలిసి దొడ్లో షెడ్డు వేశారు. సిమెంటు రేకులు పొడుగయ్యాయని రంపంతో కోశారు. తెల్లటి దుమ్ము వాకిలి నిండా పడింది. ఆ ముక్కలతో పిల్లలు ఆడుకున్నారు. ఆ రేకుల వల్ల క్యాన్సరు వస్తుందని పక్కింటివాళ్ళు చెప్పినప్పటినుంచి నాకు నిద్ర లేదు. మామగారికి నెల రోజులుగా దగ్గు. ఏం చెయ్యాలి?
- ఒక సోదరి, కోరుట్ల

జవాబు: పక్కింటివాళ్ళు చెప్పినదాంట్లో నిజం ఉంది. కాని మీరు అంతగా భయపడనక్కరలేదు.

సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలిసి ఉంటుంది. రేకు పగలకుండా కప్పు మీద ఉన్నంతకాలం నార దానిలోనే బిగిసి ఉంటుంది. కోసినా, పగలగొట్టినా, తుళ్ళు పెట్టినా కంటికి కనిపించని పోగులు గాలిలోకి లేస్తాయి. ఊపిరితిత్తుల్లో దిగిన పోగులు అరగవు, కరగవు. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడటం, క్యాన్సరు రావటం జరుగుతుంది. అదీ ఇరవై, ముప్పై ఏళ్ళ తరువాత బయటపడుతుంది. అందుకే బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005 నాటికి దీన్ని నిషేధించాయి. మన దేశంలో మాత్రం ఈ రేకులు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

ఒక్కరోజు పడ్డ దుమ్ము వల్ల ప్రమాదం చాలా తక్కువ. ఇప్పుడు ఎక్సరే తీసినా దాని జాడ తెలియదు. కనుక పిల్లలకు ఎక్సరేలు అక్కరలేదు. ఇకమీదట మాత్రం జాగ్రత్తపడాలి. మిగిలిన ముక్కలను నీళ్ళతో బాగా తడిపి, మందపాటి సంచిలో మూటకట్టి, పిల్లలు తవ్వని చోట లోతుగా పాతిపెట్టండి. పొడిచీపురుతో ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ రోజు కట్టుకున్న బట్టలు విడిగా ఉతకండి. నాచు పట్టిందని కప్పును బ్రష్షుతో రుద్దవద్దు. దాని మీదికి ఎక్కవద్దు కూడా. మనిషి బరువుకు పుటుక్కున విరిగి కింద పడ్డవారు ఎందరో ఉన్నారు. కొత్తగా వేసేవారు జింకు పూత ఉన్న ఇనుపరేకులు వాడటం మేలు.

మీ మామగారి దగ్గు సంగతి వేరు. రెండు వారాలకు మించిన దగ్గు ఏదైనా సరే, కళ్ళె పరీక్ష చేయించి తీరాలి. క్షయ ఉన్నదీ లేనిదీ తేలుతుంది. ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితం. ఆయనకు చుట్ట, బీడీ అలవాటుంటే ఈ రోజే మాన్పించండి. ఈ దుమ్మూ, ఆ పొగా కలిస్తే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ప్రశ్న: మక్కలూ వడ్లూ పెట్టే కొట్టంలో పాము కుబుసం కనిపించింది. ఎలుకలు విపరీతం. చుట్టూ ఫినాయిలు చల్లితే పాము రాదంటున్నారు. పురుగు పట్టకుండా బస్తాల్లో గ్యాసు గోళీలు పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. మంచిదేనా?
- ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: గోళీల సంగతి ముందు చెబుతాను. ఇంటికి ఆనుకొని ఉన్న కొట్టంలో వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటినుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. గోడ సందుల్లోంచి పడకగదిలోకి పాకుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలన్న నిబంధన ఉన్నది అందుకే. గింజను పంటికింద పటుక్కుమనేదాకా ఎండబెట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో పోస్తే ఇంటి అవసరానికి అది చాలు.

ఇక పాము. ఫినాయిలుకు అది భయపడుతుందనడానికి ఆధారం లేదు. పాము వచ్చేది ఎలుక కోసం. ఎలుకను ఆపితే పామును ఆపినట్లే. కొట్టం అడుగు భాగాన్ని నేలకు అడుగున్నర ఎత్తున లేపండి. తలుపు కింద చిటికెనవేలు దూరే సందు కూడా ఉండకూడదు. అక్కడ రేకుపట్టీ కొట్టండి. కిటికీలకు సన్నకన్ను ఇనుపజాలీ వెయ్యండి. బస్తాలు చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చండి. కట్టెలు, ఇటుకలు గోడకు ఆనించి ఉంచవద్దు. చీకట్లో టార్చిలైటు లేకుండా లోపల చెయ్యి పెట్టవద్దు.

కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవటం, మాట ముద్దగా రావటం కనిపిస్తే పాముకాటే అని అనుమానించాలి. మంచం మీద, దోమతెర కట్టుకొని పడుకోవటం మంచి రక్షణ. కాటు పడితే కోయవద్దు, పీల్చవద్దు, బిగించి కట్టవద్దు, మంత్రగాడి దగ్గర కాలం పోగొట్టవద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చెయ్యండి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చాయి. విషానికి విరుగుడు ఇంజెక్షను పనిచేసేది ఎంత త్వరగా వెళితే అంత బాగా.

ప్రశ్న: నేను ఇంట్లో బీడీలు చేస్తాను. తంబాకు, తునికాకు వంటింట్లోనే ఉంటాయి. మా తమ్ముడు వెనక రేకులగది వేసిస్తానంటున్నాడు. పొలంమందులు కూడా అందులోనే పెడతాడట. నాకు ఏడు నెలల పాప ఉంది.
- ఒక చెల్లెలు, సిరిసిల్ల

జవాబు: తంబాకు వంటింట్లోంచి బయటికి పోవటం చాలా మంచిది. కాని తలుపు మూసిన రేకులగదిలో కూర్చొని బీడీలు చుట్టవద్దమ్మా. ఆ దుమ్ము అక్కడే తిరుగుతుంది. సరుకు లోపల పెట్టి, పని గాలి ఆడే చోట చేసుకోండి. పాపకు పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కొని, పైబట్ట మార్చుకోండి.

పొలంమందులు ఆ గదిలో వద్దు. పెట్టక తప్పకపోతే ఎత్తున విడిగా పెట్టెలో ఉంచి తాళం వెయ్యాలి. ఎప్పుడూ వేరే సీసాలో పొయ్యకూడదు. కూల్‌డ్రింకు సీసాలో పోసిన మందును నీళ్ళనుకొని తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఇంకొక సంగతి కూడా. ఇంట్లో కోపతాపాలు వచ్చిన రోజున చేతికి అందిన డబ్బాయే కొంప ముంచుతుంది. తాళం వేసి ఉంటే ఆ క్షణం గడిచిపోతుంది, మనిషి మిగులుతాడు.

రేకులగదికి కరెంటు తీగ లాగుతుంటే మీ తమ్ముణ్ణి సొంతంగా చెయ్యనివ్వకండి. ఎర్తింగు, కరెంటు లీకయితే దానంతటదే ఆగే బ్రేకరు పెట్టించండి. బట్టల దండెం ఇనుపతీగతో కట్టి రేకులకు ముడివెయ్యవద్దు. తీగ ఎక్కడో ఒలిచి ఉంటే, తడిబట్ట ఆరేసేవారికి కరెంటు షాకు కొట్టి ప్రాణమే పోవచ్చు. నైలాను తాడు కట్టండి.

కట్టే తమ్ముళ్ళకు చివరి మాట. మే ఎండలో పదకొండు నుంచి నాలుగు దాకా పని ఆపండి. తడిసిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, రబ్బరు చేతితొడుగులు వేసుకోండి. తుప్పుమేకు గుచ్చుకుంటే సబ్బునీళ్ళతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నదీ డాక్టరుకు చెప్పండి. అయిదేళ్ళు దాటితే మళ్ళీ అవసరం పడుతుంది.