నినాదం జీవో కావాలంటే

2016 మే 31న పోలీసులు ఎక్కడికక్కడ ఆపుతున్నా, రాయలసీమ రైతులు వేలాదిగా సిద్ధేశ్వరం చేరారు. శ్రీశైలం జలాశయానికి ఎగువన కృష్ణాలో నీటిని నిలిపే అలుగుకు తామే శంకుస్థాపన చేశారు. నంద్యాల కేంద్రంగా పనిచేసే రాయలసీమ సాగునీటి సాధన సమితి, దాని అధ్యక్షుడు బొజ్జా దశరథరామిరెడ్డి ముందుండి నడిపిన కార్యక్రమమది. అలుగు నేటికీ రాలేదు. అంతమాత్రాన ఉద్యమం ఓడిపోయినట్టేనా?

శ్రీశైలంపై సీమ పోరాటమంతా రెండు అంకెల చుట్టూ తిరుగుతుంది: 834, 854. జలాశయంలో ఉంచాల్సిన కనీస నీటిమట్టాన్ని 1996లో జీవో 69 ద్వారా 834 అడుగులకు దించారు. సీమకు ఆ నీటిని మళ్లించే పోతిరెడ్డిపాడు తూముల అడుగుమట్టమే 841 అడుగులు. అంటే, శ్రీశైలంలో నీళ్లుండగానే నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలకు కాలువ ఎండిపోవచ్చన్నమాట. ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చాక, 2004లో జీవో 107తో ఆ కనీస మట్టం 854కు పెరిగింది.

కోస్తా, సీమ నేతల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడిక కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకు ప్రాధాన్యం ఇస్తామంది. ఎన్ని టీఎంసీలో చెప్పలేదు. అందుకే ఏటా నవంబరు 16న తలచుకోవడానికే అది మిగిలింది. జీవో 107లో అంకె ఉంది కాబట్టి, మట్టం తగ్గిన రోజే రైతు అధికారిని నిలదీయగలడు.

నిలదీసినా, కరెంటు ఉత్పత్తికి నీళ్లు వదిలితే మట్టం 854 దిగువకు పడిపోతూనే ఉంది. కాగితం ఆపలేని నీటిని ఎగువన కట్టడంతో ఆపాలన్నదే అలుగు డిమాండు.

2022 అక్టోబరులో కేంద్రం సోమశిల-సిద్ధేశ్వరం మధ్య రూ.1,082 కోట్లతో తీగల వంతెన మంజూరు చేసింది. సమితి వెంటనే తన డిమాండు తీరు మార్చింది: ఎలాగూ కడుతున్నారు కాబట్టి బ్రిడ్జి కమ్ బ్యారేజీ కట్టండి అంది. కదులుతున్న ఫైలుకు తన కోరికను జతచేయడం తెలివైన ఎత్తుగడే.

అసలు చిక్కు అవతలి ఒడ్డున ఉంది. శ్రీశైలాన్ని జలవిద్యుత్ ప్రాజెక్టుగానే చూడాలన్నది తెలంగాణ వాదన. విభజన చట్టం ప్రకారం కృష్ణాపై కొత్త ప్రాజెక్టుకు కేంద్రం, రెండు రాష్ట్రాలు కూర్చునే అపెక్స్ కౌన్సిల్ అనుమతి తప్పనిసరి. అక్కడ జనసమీకరణ ఒక్కటే సరిపోదు. తెలంగాణలోని పాలమూరుకు నీళ్లిచ్చే కల్వకుర్తి ఎత్తిపోతలకూ శ్రీశైలం నీళ్లే ఆధారం. అలుగుతో పాలమూరు రైతుకు ఒరిగేదేమిటో, పోయేదేమిటో టీఎంసీల్లో లెక్కగట్టి చూపాలి. ఆ లెక్కను ఢిల్లీలో వినిపించే పూచీ మాత్రం సీమ ఎంపీలదే.