కొత్త షాపులో మన వాటా ఎంత?



2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో ఐకియా షాపు తెరిచారు. మన దేశంలో ఆ కంపెనీకి అదే మొదటి షాపు. 13 ఎకరాల జాగా, 4 లక్షల చదరపు అడుగుల కట్టడం. మంచాలు, బల్లలు, బీరువాలు, వంటింటి సామాన్లు అన్నీ ఒక్కచోటే. నేరుగా 950 మందికి, పరోక్షంగా మరో 1500 మందికి పని అన్నారు. మేము అడిగేది ఒక్కటే. ఇట్లాంటి కొలువుల్లో వాడ పిల్లలెందరు?

షాపులు వద్దని మేము అనడం లేదు. నెలనెలా జీతం, పి.ఎఫ్. వచ్చే పని మన పిల్లలకు కావాలె. దొర పొలంలో నడుం వంచడం కంటే అది వెయ్యిరెట్లు నయం. సగం మంది ఆడవాళ్లను పెట్టుకుంటామని ఆ కంపెనీ చెప్పింది. మంచిదే. మరి ఆడ మగ లెక్క తీయగలిగినప్పుడు కులం లెక్క తీయడానికి అడ్డమేమిటి?

'పరోక్షం' అనే మాట దగ్గర ఆగి ఆలోచించాలె. పెద్ద పెద్ద షాపుల్లో ఊడ్చే పని, కడిగే పని, గేటు కాపలా, మూటలు మోసే పని తరచుగా కాంట్రాక్టరు చేతిలో ఉంటాయి. ఊళ్లో మన చేతికిచ్చిన చీపురునే పట్నంలో యూనిఫారం తొడిగి మళ్లీ ఇస్తే, దాన్ని అభివృద్ధి అందామా?

మా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు డిగ్రీ పాసై పట్నంలో ఒక షాపుకు ఇంటర్వ్యూకు పోయిండు. "మీ నాయిన ఏం చేస్తడు? ఊళ్లో మీ ఇల్లు ఏ దిక్కు?" అని అడిగారట. సామాను గురించి ఒక్క ప్రశ్న లేదు. కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇంకా రాలేదు.

రాజ్యాంగం 16(4) సర్కారు కొలువులకే వర్తిస్తుంది. సర్కారు కొలువులేమో తరిగిపోతున్నాయి. 2005లో 93వ సవరణ చేసి ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్లకు దారి తీశారు. చదువుకు తెరిచిన తలుపు కొలువుకు ఎందుకు తెరవరు? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకే అని చట్టం చేసింది. స్థానికుడి వాటా న్యాయమైతే అంటరానివాడన్న వాడి వాటా అన్యాయమా?

ఐకియా భూమి ప్రభుత్వ సంస్థ నుంచి కొన్నదే. సర్కారు భూమి అంటే అందరి భూమి. అది తీసుకునే ప్రతి కంపెనీ ఒప్పందంలో దళితుల వాటా రాయాలె. ఏటేటా కులాలవారీ కొలువుల లెక్క, కాంట్రాక్టు పనితో సహా, బయటపెట్టాలె.

సంఘాల్లో ఈ మాట చర్చించండి. ఓట్లకు వచ్చినవాణ్ణి ఇదే అడగండి. మనం అడిగేది దయ కాదు, వాటా.

జై భీమ్!