క్రియకు ప్రాణము కర్మమునందున్నది

ఆంగ్లభాష నభ్యసించు మన బాలబాలికలచేత నేడు ఎల్లెడల పర్యాయపదముల పట్టికలను వల్లె వేయించుచున్నారు. నిజామాబాదు పట్టణమందలి పోటీపరీక్షల శిక్షణాలయములలోనేమి, బోధన్ చుట్టుపట్ల గ్రామముల పాఠశాలలలోనేమి, 'క్రష్' అను క్రియ యెదుట ప్రెస్, స్క్వీజ్, గ్రైండ్, పౌండ్, మ్యాష్ అను మాటలను వరుసగా వ్రాసి, ఇవి యన్నియు సమానార్థకములని చెప్పి, మరునాడు అప్పజెప్పుమందురు. ఈ పద్ధతివలన మార్కులు రావచ్చును గాని భాష రాదని నా దృఢవిశ్వాసము. చెరుకును గానుగాడించు ఈ క్రియయే జీవనాధారముగా ఏండ్లకేండ్లు బ్రతికిన చెరుకుసీమలో, దానిని జీవములేని పట్టికగా నేర్పుట మరింత శోచనీయము.

మన పూర్వులును పర్యాయపదములను వల్లించినవారే. అమరకోశము నోటికి రానివాడు చదువరి కాడన్న కాలమొకటి యుండెను. కాని అమరసింహుని గ్రంథమునకు అసలుపేరు నామలింగానుశాసనము. అది ప్రధానముగా నామవాచకముల కోశము. భానుడన్నను దివాకరుడన్నను ఆకసమున వెలుగువాడు ఒక్కడే గావున, ఒక నామమునకు బదులు వేరొక నామము నిలుచుటకు ఆ వస్తువే పూచీపడును. క్రియకు అట్టి పూచీ లేదు. క్రియ యనగా పని జరుగు తీరు. తీరు మారినచో పనియే మారిపోవును. 1852వ సంవత్సరమున లండనులో పీటర్ మార్క్ రోజే తన థెసారసును ప్రకటించెను. ఆ యేడే మద్రాసులో బ్రౌనుదొర తెలుగు-ఆంగ్ల నిఘంటువు వెలువడెను. మాటల నెరిగియుండి వానిలో తగినదానికై వెదకువానికొరకు రోజే తన గ్రంథమును కూర్చెను. మాట నెరుగనివానికి బ్రౌను ప్రయోగమును చూపి అర్థమును బోధించెను. మన పిల్లలకు ముందుగా కావలసినది బ్రౌను త్రోవ. మనము వారిని రోజే వాకిట నిలిపి వచ్చుచున్నాము.

మన యిండ్లలోని పనులనే చూడుడు. వడ్లను దంచుదుము, జొన్నలను విసరుదుము; నానిన పప్పును రుబ్బుదుము, మిరపకాయలను నూరుదుము; వెల్లుల్లిని చితుకగొట్టుదుము, ఉడికిన పప్పును మెదుపుదుము; నిమ్మపండును పిండుదుము, చెరుకును గానుగాడింతుము. వీని యన్నిటను ఒత్తిడి కలదు, అన్నిటను వస్తువు తన రూపును మార్చుకొనును. అయినను దంచుటలో దెబ్బమీద దెబ్బ పడవలెను. విసరుటలో రాతిపై రాయి తిరుగవలెను. పిండుటలో రసమును గ్రహించి పిప్పిని పారవేయుదుము. నూరుటలో పారవేయవలసినది ఏమియు నుండదు. జొన్నలను పిండితిననువానిని, నిమ్మపండును విసరితిననువానిని ఐదేండ్ల పిల్లయైనను సరిదిద్దును. ఆ పిల్ల యే పట్టికయు చదివి యెరుగదు. ఏ పనికి ఏది కర్మమో, అనగా ఏ పని దేనిపై జరుగునో, తల్లి చెంతనుండి కన్నులార చూచి నేర్చినది.

ఆంగ్లమందును ఇట్టి వివేకమే కలదు. పౌండ్ అన్నచో దెబ్బలు, గ్రైండ్ అన్నచో రాపిడి, స్క్వీజ్ అన్నచో బిగించి రసము తీయుట, మ్యాష్ అన్నచో మెత్తనిదానిని ముద్ద చేయుట. ప్రెస్ అన్నచో వస్తువు చెడకయు ఉండవచ్చును. బట్టలను ఇస్త్రీ చేయుటకును అదే మాట. గట్టివాని నడుమ చిక్కినది నలిగి తన రూపమును కోల్పోవుటయే క్రష్. ఆంగ్లము మాటలాడు దేశములలోనే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రైతులు చెరుకాడు కాలమును క్రషింగ్ అనగా, అమెరికాలోని లూసియానా రైతులు దానినే గ్రైండింగ్ అందురు. చెరుకు విషయమున ఈ రెండు క్రియలు కలిసినవి గదా యని గోధుమల విషయమున కలుపవచ్చునా? గోధుమలను గ్రైండ్ చేసినచో పిండి వచ్చును. క్రష్ చేసినచో నూక మిగులును. పర్యాయత్వమనునది ఒక కర్మమునకు, ఒక దేశమునకు మాత్రమే చెల్లుబడియగు ఒప్పందము.

మన శక్కర్‌నగర్ చరిత్రమును తలచినచో ఈ సంగతి మరింత విశదమగును. 1923 మొదలు 1931 వరకు మంజీరపై నిర్మింపబడిన నిజాంసాగరు నీటితో ఈ నేల చెరుకుపంటకు నెలవయ్యెను. 1937లో బోధన్ చెంత ఈ శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసి, ఒకప్పుడు ఆసియాఖండమందే పెద్దదని పేరొందెను. ఇట్టి కర్మాగారమున చెరుకును ముందు కత్తులు తునుకలు చేయును. పిదప యంత్రము పీచుపీచుగా చీల్చును. అటుపై వరుసగా నిలిచిన ఇనుపరోలర్లు రసమును పిండును. పిప్పిలో మిగిలిన తీపికై దానిపై నీరు చల్లి మరల పిండును. ఆ పిప్పియే తుదకు బాయిలరులో ఇంధనమగును. కోయుట, చీల్చుట, పిండుట యన్నియు క్రషింగ్ అను నొక్క మాటలో నిమిడినవి. కోసిన చెరుకు నిలువయున్నకొలది దానిలోని చక్కెర విరిగి పలుకుకట్టని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారును గావున, ఈ పనికి గడియ గడియయు విలువైనదే. అందుచే క్రషింగ్ మొదలైనదన్న వార్త ఈ సీమలో చెరుకు నరుకువారికి కూలిగను, బండ్లవారికి కిరాయిగను, రైతునకు పైకముగను వినబడెడిది. ఇంతటి యర్థమును ఏ పట్టిక యీయగలదు? 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడెను. ఆ తరువాత పుట్టిన బిడ్డలు నేడు ఆ క్రియను పుస్తకములో మాత్రమే చూచుచున్నారు.

ఇక లాక్షణికప్రయోగములందు కర్మము యొక్క ప్రాబల్యము ఇంకను స్పష్టము. క్రష్ అను క్రియకు తిరుగుబాటు కర్మమైనచో తెలుగున అణచుట. ఆశ కర్మమైనచో భగ్నము చేయుట. మనోధైర్యము కర్మమైనచో క్రుంగదీయుట. ఆటలో ఎదుటిజట్టు కర్మమైనచో చిత్తుచేయుట. ఆంగ్లక్రియ యొక్కటే, మన భాషలో దానికి నాలుగు రూపులు వచ్చుటకు కారణము కర్మభేదమే. ఈ రహస్యము తెలియనివాడు తిరుగుబాటును స్క్వీజ్ చేసితినని వ్రాయును. పట్టిక ప్రకారము అది తప్పు కాదు, భాష ప్రకారము అది మాటయే కాదు.

పరీక్షలలో పర్యాయపదములనే యడుగుదురు గదా, పిల్లలు ఏమి చేయవలెనని తల్లిదండ్రు లందురు. వారి యాందోళన న్యాయమైనదే. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినందున, చెరుకుకూలీల బిడ్డలును ఈ భారము మోయుచున్నారు. కాని క్రియను కర్మముతో నేర్చినవాడు పర్యాయపదమడిగినను చెప్పగలడు, వాక్యమడిగినను వ్రాయగలడు. పట్టికతో నేర్చినవానికి మొదటిది మాత్రమే చేతనగును. పైగా దంచుట, విసరుట, పిండుట ఎరిగిన బిడ్డకు ఆ భేదములను ఆంగ్లములో గుర్తించుట మిగుల సులభము. తెలుగును తరగతిగది వెలుపల నిలిపిన ఉపాధ్యాయుడు ఆ బిడ్డకు ఉన్న నిచ్చెనను తానే లాగివేయుచున్నాడు.

కావున ఈ జిల్లా ఉపాధ్యాయులకు నా విన్నపము: ప్రతి ఆంగ్లక్రియను కనీసము మూడు కర్మములతో నేర్పుడు, ప్రతి కర్మమునకును తగిన తెలుగుక్రియను పిల్లలచేతనే చెప్పింపుడు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములను ఊరూరి రైతుల నోటినుండి సేకరింపజేసి మనకు దారి చూపిరి. చెరుకుతోట మొదలు చక్కెరబస్తా వరకు గల బోధన్ సీమ క్రియలను, తెలుగు, ఉర్దూ, మరాఠీ కలగలిసిన చక్కెర కర్మాగార కార్మికుల పలుకుబడిని, 2006లో ఏర్పడిన డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయము ఇట్లే సేకరింపవలెను. ఆ మిల్లులో పనిచేసినవారు వృద్ధులగుచున్నారు. వారితో ఆ మాటలును పోకముందే ఈ పని జరుగవలెను. అట్టి కోశము చేతనున్న ఉపాధ్యాయుడు ఆంగ్లమును పరాయి సొమ్మువలె గాక, తన యూరి పనులకు మరియొక పేరుగా నేర్పగలడు. అట్లు నేర్చిన విద్యార్థికి రెండు భాషలును దక్కును.