ఫోరమ్ మూసుకోండి, కానీ చర్చను చెరిపేయకండి

గత నెలలో మా బాబాయ్ పాత ఫోన్ ఒకటి బూట్ లూప్‌లో ఇరుక్కుంది. ఆన్ చేస్తే లోగో వస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ లోగో. 2013 నాటి మోడల్. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే "ఇంకా దీన్ని వాడుతున్నారా" అని నవ్వారట. వాడట్లేదు, కానీ అందులో మా చెల్లి చిన్నప్పటి ఫోటోలు ఉన్నాయి. మెమొరీ కార్డ్‌లో ఉన్నా బాగుండేది, అన్నీ ఫోన్ మెమొరీలోనే ఉన్నాయి. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే అంతే సంగతులు.

సెర్చ్ చేస్తే ఒక పాత ఫోరమ్ లింక్ తగిలింది. టైటిల్‌లో సరిగ్గా అదే మోడల్, అదే ప్రాబ్లం, పైగా "డేటా పోకుండా" అని కూడా ఉంది. క్లిక్ చేస్తే పేజీ లేదు. ఆ ఫోరమ్ ఎప్పుడో మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్‌లో వెతికితే థ్రెడ్ మొదటి పేజీ దొరికింది. ఒకతని ప్రశ్న, కింద "నాకూ సేమ్ ప్రాబ్లం బ్రో" అనేవాళ్లు నలుగురైదుగురు, అట్టడుగున ఒకతను "ఆగండి, స్టెప్స్ రాసి పెడతా" అన్నాడు. ఆ స్టెప్స్ రెండో పేజీలో ఉండుంటాయి. రెండో పేజీ సేవ్ అవ్వలేదు.

ఇలా పోయిన చర్చల సంగతి ఎప్పుడొచ్చినా నాకు ముందు గుర్తొచ్చేది యాహూ. ఇప్పటి కుర్రాళ్లకి యాహూ అంటే నాన్నగారి పాత మెయిల్ ఐడీ. కానీ 2005లో మొదలైన యాహూ ఆన్సర్స్‌లో ఎవరైనా ఏదైనా అడగొచ్చు, తెలిసినవాళ్లు చెప్పేవాళ్లు. కొన్నేళ్లపాటు మనం గూగుల్‌లో ఏ డౌట్ కొట్టినా పైన కనిపించే లింకుల్లో అదొకటి ఉండేది. 2021 ఏప్రిల్ మొదట్లో మూసేస్తున్నామని ప్రకటించారు. ఏప్రిల్ 20 నుంచి కొత్త పోస్టులు ఆపేశారు. మే 4న సైటే లేదు. పదిహేనేళ్లకు పైగా జనం రాసుకున్నదానికి నెల రోజుల నోటీస్. అద్దె ఇంట్లో ఉండేవాడికైనా ఓనర్ ఇంకొంచెం టైమ్ ఇస్తాడేమో.

"డేటా డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ ఇచ్చారు కదా" అంటారు. ఇచ్చారు, జూన్ 30 దాకా రిక్వెస్ట్ పెట్టుకోవచ్చన్నారు. నా కంప్లైంట్ సరిగ్గా ఆ ఆప్షన్ మీదే. అందులో మీకు వచ్చేది మీరు రాసినవి మాత్రమే. మీ ప్రశ్నలు, మీ జవాబులు, మీరు పెట్టిన ఫోటోలు. వేరేవాళ్లు రాసింది రాదు. అంటే మీరు ప్రశ్న అడిగుంటే మీ ప్రశ్న మీ చేతికొస్తుంది, దానికి వచ్చిన జవాబు రాదు. జవాబు చెప్పినతనికి తన జవాబు దొరుకుతుంది, ఏ ప్రశ్నకో దొరకదు. ఫోన్‌లో ఇద్దరు మాట్లాడుకున్న కాల్ రికార్డింగ్‌ని రెండు ముక్కలు చేసి, ఎవరి గొంతు వాళ్లకి ఇచ్చినట్టు! రూల్ ప్రకారం ఎవరి డేటా వాళ్లకి ఇచ్చేశారు. చర్చ మాత్రం ఎవరికీ దక్కలేదు.

అంతకుముందు యాహూ గ్రూప్స్ కథ ఇంకా బాధాకరం. 2000లో ఈగ్రూప్స్ అనే కంపెనీని కొని, మరుసటి ఏడాది దాన్ని యాహూ గ్రూప్స్‌గా మార్చారు. తెలుగువాళ్లకి కూడా ఇది బాగా తెలిసిన చోటే. రచ్చబండ పేరుతో ఒక తెలుగు చర్చా బృందం అక్కడే నడిచింది. కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపించడమే గగనమైన రోజుల్లో, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసి మరీ పుస్తకాల గురించి, భాష గురించి వాదించుకునేవాళ్లు. పేరు కూడా ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. ఊళ్లో రచ్చబండ ఒకరి సొంతం కాదు. ఇంటర్నెట్‌లో మాత్రం దానికి ఒక ఓనర్ ఉంటాడు.

2019 అక్టోబర్‌లో ఆ ఓనర్ గ్రూపుల్లో ఉన్న మెసేజ్‌లు, ఫైళ్లు, ఫోటోలు అన్నీ డిసెంబర్ 14కి తీసేస్తామన్నాడు. గొడవ అయ్యాక డౌన్‌లోడ్ గడువు 2020 జనవరి 31 దాకా పొడిగించారు. ఈలోగా ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్లు ఎంత వీలైతే అంత కాపీ చేద్దామని దిగారు. చాలా గ్రూపుల్లో సభ్యులైతే తప్ప మెసేజ్‌లు కనిపించవు కాబట్టి అకౌంట్లు తెరిచి ఒక్కో గ్రూపులో చేరారు. అప్పటికి యాహూ వెరైజన్ చేతిలో ఉంది. టర్మ్స్‌కి విరుద్ధం అంటూ ఆ అకౌంట్లను బ్లాక్ చేసింది. ఎలాగూ చెరిపేయబోతున్న డేటా అది. 2020 డిసెంబర్ 15న మిగిలిన మెయిలింగ్ సర్వీస్ కూడా ఆగిపోయింది.

కంపెనీ వైపు నుంచి కూడా ఆలోచిద్దాం. సర్వర్లు ఊరికే రావు. స్పామ్, బూతులు, ఫేక్ సలహాలు కడగడానికి మనుషులు కావాలి. యాహూ ఆన్సర్స్‌కి చివరి రోజుల్లో జవాబుల కంటే జోకులకే ఎక్కువ పేరొచ్చింది, అది నిజం. అమెజాన్‌కి చెందిన ఐఎండీబీ 2017 ఫిబ్రవరిలో తన మెసేజ్ బోర్డులు తీసేసినప్పుడు కూడా, వీటివల్ల ఎక్కువమంది యూజర్లకి మంచి అనుభవం దక్కట్లేదనే చెప్పింది. కాబట్టి కొత్త పోస్టులు ఆపేయడం తప్పని నేను అనను. కానీ ఆపేయడం వేరు, చెరిపేయడం వేరు. కొత్తగా ఎవరూ రాయలేని పాత పేజీలకి మోడరేటర్ల భారం చాలావరకు ఉండదు. ఎక్కువగా టెక్స్ట్ కాబట్టి వీడియోల్లాగా స్టోరేజ్ తినదు. అదీ బరువనిపిస్తే పబ్లిక్‌గా ఉన్నవాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి సంస్థకి అప్పగించొచ్చు. ప్రైవేట్ గ్రూపుల సంగతి వేరు, అక్కడ నలుగురి మధ్య అన్న మాటని ఊరంతా వినేలా పెట్టకూడదు. అలాంటి చోట నిర్ణయం సభ్యులకి వదలాలి, దానికి తగినంత టైమ్ ఇవ్వాలి.

కస్టమ్ రామ్‌లు ఎక్కించినవాళ్లకి సయనోజెన్‌మాడ్ గుర్తుండే ఉంటుంది. 2016 డిసెంబర్‌లో దాని వెనకున్న కంపెనీ సర్వీసులు ఆపేస్తున్నామంది. ఏమైంది? కోడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి డెవలపర్లు దాన్ని తీసుకుని లీనేజ్‌ఓఎస్ అని కొత్త పేరు పెట్టుకుని ముందుకెళ్లిపోయారు. కంపెనీ పోయినా పని పోలేదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్నలు, జవాబులు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటాయి. రేపు ఆ సైట్ ఏమైనా, రాసినవాళ్ల పేరు చెప్పి ఆ చర్చల్ని ఇంకోచోట పెట్టుకునే హక్కు జనానికి ఉంది. మిగతా ఫోరమ్‌లకి కూడా ఇదే కావాలని నేనంటున్నా. సైన్అప్ చేసే రోజునే తేలాల్సిన విషయం ఇది, మూసేసే నెలలో కాదు.

ఒకరి పుణ్యాన మిగిలినవీ ఉన్నాయి. యూజ్‌నెట్ అనే పాత చర్చా వ్యవస్థలో 1980ల నాటి పోస్టులు ఈరోజు చదవగలుగుతున్నామంటే, టొరంటో యూనివర్సిటీలో పనిచేసిన హెన్రీ స్పెన్సర్ వాటిని మాగ్నెటిక్ టేపుల మీద దాచబట్టే. లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రకటించింది కూడా యూజ్‌నెట్‌లోనే. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని కెర్నల్ చరిత్ర అక్కడ మొదలైంది.

ఇప్పుడు మనం చేస్తున్నదేమో ఇంకా ఘోరం. కొత్త ఫోన్ రాగానే టెలిగ్రామ్‌లో గ్రూప్, డిస్కార్డ్‌లో సర్వర్. మంచి ఫిక్స్ ఎవరో పెడతారు, గంటలో వంద మెసేజ్‌ల కింద కూరుకుపోతుంది. చాలావరకు గూగుల్‌కి కనిపించదు, వేబ్యాక్ మెషిన్‌కి అందదు. అడ్మిన్‌కి చిరాకొచ్చి గ్రూప్ డిలీట్ చేస్తే నెల నోటీస్ కూడా ఉండదు. నేనూ ఆ గ్రూపుల్లో ఉన్నా, ఫాస్ట్‌గా రిప్లై వస్తుందని. అందుకే ఈమధ్య ఒక అలవాటు చేసుకున్నా. నాకు పనిచేసిన ఫిక్స్ ఏదైనా ఉంటే మోడల్ నంబర్, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో సహా సెర్చ్‌లో దొరికే ఒక పబ్లిక్ ఫోరమ్‌లో కూడా పెడుతున్నా. పనికొచ్చిన థ్రెడ్ కనబడితే వేబ్యాక్ మెషిన్‌లో సేవ్ పేజ్ నౌ కొడుతున్నా. అర నిమిషం పని, అకౌంట్ కూడా అక్కర్లేదు. మీకు తెలిసిన మంచి థ్రెడ్ ఏదైనా ఉంటే మీరూ సేవ్ చేయండి. రెండో పేజీ కూడా.