సిగ్నల్ లేని రోజున వినడానికి

2022 మే 24న అమలాపురంలో జరిగినది కోనసీమ ఇంకా మరిచిపోలేదు. కొత్తగా ఏర్పడిన జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద మొదలైన ఆందోళన చివరికి ఒక మంత్రి ఇంటినీ ఒక ఎమ్మెల్యే ఇంటినీ తగలబెట్టేదాకా పోయింది. ఆ వెంటనే మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఒకటి రెండు రోజుల ముచ్చట అనుకున్నది జూన్ దాకా సాగింది. ఇంటి నుంచి పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కుంటూ వెళ్లిన సంగతి అప్పట్లో వార్త అయింది. అంతగా చర్చకు రానిది ఇంకొకటుంది. పోటీ పరీక్షల పాఠాలు, ప్రవచనాలు, కథలు, సాగు సలహాలు ఫోన్లో వినే అలవాటున్న వాళ్లందరికీ వినడం ఒక్కసారిగా ఆగిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే, జూలైలో, గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో లంక గ్రామాలు కరెంటు లేక చీకట్లో ఉండిపోయాయి. కరెంటు లేని చోట టవర్లనూ నమ్ముకోలేం. మొదటిసారి తెంపింది ప్రభుత్వ ఉత్తర్వు, రెండోసారి ఏరు. ఫోను పట్టుకున్న మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి: తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు, మాట మాత్రం రాదు.

ఈ అనుభవం తర్వాత కూడా మనం వినే ప్రతి మాటనూ యాప్‌ల దయకే వదిలేయడం సరైంది కాదని నా వాదన. భాగాలు భాగాలుగా వచ్చే ఇలాంటి ఆడియో కార్యక్రమాన్ని పాడ్‌కాస్ట్ అంటారు. అది పుట్టుకతోనే ఫైలు. ఆ ఫైలు మన ఇంట్లోని కంప్యూటర్లో ఉండాలి, అక్కడి నుంచి మన ఫోన్లోకి ఎక్కాలి, ఏమేం వింటున్నామన్న జాబితా కూడా మన దగ్గరే ఉండాలి. ఇందుకు కావలసిన సామాను ఏళ్ల తరబడి ఉచితంగా, తెరిచిన కోడ్‌తో దొరుకుతోంది. పాత కంప్యూటర్ మీద లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే సరిపోతుంది.

యాప్‌లో కూడా డౌన్‌లోడ్ బొత్తాం ఉంది కదా అంటారు. ఆ డౌన్‌లోడ్ ఎలాంటిదో చూడాలి. స్పాటిఫైలో దాచుకున్నవి నిలవాలంటే కనీసం 30 రోజులకొకసారి ఇంటర్నెట్‌కు తగలాలి, లేకపోతే పోతాయి. ఆ ఫైలును బయటికి తీసి ఇంకో ఫోన్లో పెట్టుకోలేం. యాప్ మూసేస్తే సంగతి మరీ అన్యాయం. గూగుల్ పాడ్‌కాస్ట్స్ ఆండ్రాయిడ్ ఫోన్లున్న వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటైన యాప్. 2024లో దాన్ని మూసేశారు. గడువు లోపల తమ జాబితాను యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోవడమో, ఓపీఎంఎల్ అనే చిన్న ఫైలుగా దించుకోవడమో చేసినవాళ్లకు అది మిగిలింది. విషయం తెలియనివాళ్లకు పోయింది. అంత పెద్ద సంస్థ యాప్‌కే పట్టుమని పదేళ్ల ఆయుష్షు లేనప్పుడు, చిన్న సంస్థల యాప్‌ల మీద భరోసా ఎక్కడిది?

పాడ్‌కాస్ట్ నిర్మాణంలోనే ఈ చిక్కు నుంచి బయటపడే దారి ఉంది. కార్యక్రమం చేసేవాళ్లు ఆడియో ఫైలును ఒక సర్వర్‌లో పెడతారు. కొత్త భాగం వచ్చినప్పుడల్లా దాని పేరు, తేదీ, ఫైలు చిరునామా ఒక జాబితాలో చేరతాయి. దాన్నే ఫీడ్ అంటారు. ఫీడ్ చిరునామా తెలిస్తే ఎవరి దగ్గరా ఖాతా తెరవక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ ప్రోగ్రామైనా ఆ జాబితా చదివి ఫైలు తెచ్చుకుంటుంది. తెలుగు కథలూ రచయితలతో సంభాషణలూ వినిపించే హర్షణీయం లాంటి కార్యక్రమం అమలాపురంలో విన్నా అట్లాంటాలో విన్నా, వెనక నడిచేది ఈ పద్ధతే. యాప్‌లు ఈ బహిరంగ వ్యవస్థ మీద కట్టుకున్న దుకాణాలు. దుకాణం మూసేసినా సరుకు పండే చేను అక్కడే ఉంటుంది, అక్కడికి పోయే దారి తెలిసి ఉండాలి అంతే.

లినక్స్ కంప్యూటర్లో ఆ దారి పేరు జీపాడర్. ఫీడ్ చిరునామా ఒకసారి ఇస్తే కొత్త భాగాలు వచ్చాయో లేదో అదే చూస్తుంది, తెస్తుంది, ఒక్కో కార్యక్రమానికి ఒక్కో ఫోల్డర్ పెట్టి అందులో దాస్తుంది. ఆ ఫైళ్లు ఎక్కువగా మామూలు ఎంపీ3లే, ఏ తాళాలూ ఉండవు. ఫోన్‌ను చార్జింగ్ తీగతోనే కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్ తెరను పైనుంచి కిందికి లాగితే ‘చార్జింగ్ మాత్రమే’ అన్న చోట ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకునే వీలుంటుంది. అది నొక్కగానే కంప్యూటర్ తెర మీద ఫోన్ ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది. కావలసిన ఫోల్డర్ అందులోకి కాపీ చేయడమే. ఫోన్‌లో యాంటెన్నాపాడ్ అనే ఉచిత యాప్ ఉంటే, అందులో ‘లోకల్ ఫోల్డర్’ అని ఒక చోటు ఉంటుంది. అక్కడ ఆ ఫోల్డర్‌ను చూపిస్తే చాలు, అందులోని ఫైళ్లన్నీ కార్యక్రమాల వరసలో వచ్చేస్తాయి. ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుంటుంది, వేగం పెంచుకోవచ్చు, యాప్ సొంత ప్రకటనలు లేవు, లాగిన్ లేదు.

ఇందులో ఇబ్బందులు లేవని అనను. తీగతో ఎక్కించే పద్ధతి ఆండ్రాయిడ్‌లో మందకొడిగా నడుస్తుంది. వందల ఫైళ్లు ఒకేసారి పంపిస్తుండగా తీగ కదిలితే సగంలో ఆగుతుంది, ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో చూసుకోవాలి. దీనికి మెరుగైన ఉపాయం సింక్‌థింగ్. కంప్యూటర్‌లోని ఒక ఫోల్డర్‌నూ ఫోన్‌లోని ఒక ఫోల్డర్‌నూ అది జత కలుపుతుంది. ఇక్కడ పెట్టింది అక్కడికి పోతుంది, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. కోనసీమకు పనికొచ్చే గుణం ఇంకొకటి ఉంది దానిలో. రెండూ ఒకే ఇంటి వైఫైలో ఉంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. బయట సిగ్నల్ ఆగినా, ఇంట్లో రూటర్‌కు కరెంటుంటే నడి గదిలోని కంప్యూటర్ వీధి అరుగు మీది ఫోన్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. 2024 చివర్లో సింక్‌థింగ్ అసలు ఆండ్రాయిడ్ యాప్‌ను దాని నిర్వాహకులు ఆపేశారు. అయితే కోడ్ అందరిదీ కాబట్టి, దాని మీద అప్పటికే తయారైన మరో రూపం కొనసాగింది, వాడేవాళ్లకు పని ఆగలేదు. గూగుల్ తన యాప్ మూసినప్పుడు ఆ అవకాశం ఎవరికీ లేకపోయింది. తెరిచిన కోడ్ విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు డేటా కారుచౌక, ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లు చాలామంది. 2016లో జియో వచ్చాక చౌక అయిన మాట నిజమే. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు వరసగా ధరలు పెంచిన మాట కూడా నిజమే. చౌక అనేది ఒకరిచ్చే రాయితీ. పైగా ఇక్కడ అసలు ప్రశ్న ధర కాదు. 2022 మే ఆఖరి వారంలో రీచార్జికి డబ్బు ఉన్నవాళ్లకు కూడా డేటా లేదు. లెక్క వేసుకున్నా ఫైలే గెలుస్తుంది. మామూలుగా సెకనుకు 128 కిలోబిట్లలో వచ్చే గంట ఆడియో దాదాపు 58 ఎంబీ ఉంటుంది. అదే ఫైలును కంప్యూటర్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టుతో 32 కిలోబిట్ల ఓపస్ ఫార్మాట్‌కు మారిస్తే 15 ఎంబీ లోపే. పాటలకైతే తేడా తెలుస్తుంది గానీ, మనిషి మాటకు ఆ పాటి చాలు. 30 గంటల ఆడియో అరజీబీ కూడా కాదు. ఫొటోలతో, వాట్సాప్ వీడియోలతో నిండిపోయిన 32 జీబీ ఫోన్ వాడే కూలీకి ఈ తేడా చాలా పెద్దది. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా కాపలా ఉండే మనిషికి, అంబాజీపేటలో పొద్దున్నుంచీ కొబ్బరికాయలు వలిచే మనిషికి చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీగా ఉంటాయి. పాడ్‌కాస్ట్ అసలు వీళ్ల కోసమే పుట్టినట్టుంటుంది. వీళ్లకు ఎక్కించి ఇచ్చేవాళ్లే లేరు.

యాంటెన్నాపాడ్ తానే డౌన్‌లోడ్ చేసుకుంటుంది కదా, మధ్యలో కంప్యూటర్ ఎందుకని ఇంకో ప్రశ్న. ఒక్కరికి, నాలుగు కార్యక్రమాలు వినేవారికి, నిజంగానే అక్కర్లేదు. అయితే ఫోన్ పోతుంది, నీళ్లలో పడుతుంది, నిండిపోతుంది. చాలా ఫీడ్లు పాత భాగాలను జాబితాలోంచి తీసేస్తుంటాయి. అప్పుడు దాచుకున్నవాళ్ల దగ్గరే ఆ మాట మిగులుతుంది. ఇంటిల్లిపాదికీ, వాకిట్లో అడిగిన నలుగురికీ ఎక్కించాలంటే నిల్వ ఒక చోట ఉండాలి. ఆ చోటుకు కొత్త కంప్యూటర్ కొననక్కర్లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు తూగని యంత్రాలు బీరువాల మీదకూ అటకల మీదకూ చేరుతున్నాయి. లినక్స్ మింట్ వేస్తే వాటిలో చాలా యంత్రాలు ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తాయి.

ఇదంతా కంప్యూటర్ చదువుకున్న వాళ్ల వ్యవహారం అన్న మాట నాకు రుచించదు. జియోకు ముందు రాజోలులోనూ కొత్తపేటలోనూ ఏ సెల్‌ఫోన్ దుకాణానికి వెళ్లినా మెమరీ కార్డులో పాటలు ఎక్కించేవారు. కార్డు ఇచ్చి, పది ఇరవై రూపాయలు చేతిలో పెట్టి, ఘంటసాల పాటలో, కొత్త సినిమా పాటలో ఎక్కించుకుని పోయేవాళ్లు. ఫైలు, ఫోల్డర్, కాపీ అన్న మాటలు ఊరికి కొత్త కాదు, ఈ పదేళ్లలో మరిచిపోయాం, అంతే. ఆ పాటలకు హక్కుదారుల అనుమతి ఉండేది కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. పాడ్‌కాస్ట్ ఫైలును మాత్రం చేసినవాళ్లే ఫీడ్‌లో పెట్టి, తీసుకోమని ఇస్తున్నారు. జీపాడర్‌కు మొదటిసారి ఫీడ్లు చేర్చి ఇవ్వడానికి ఊళ్లో తెలిసిన కుర్రాడు ఒకడు చాలు. తర్వాత రోజూ చేయాల్సింది తీగ తగిలించడమే.

శాంతిభద్రతల మాటకు కూడా జవాబు చెప్పాలి. పుకార్లు పాకకుండా నెట్ ఆపుతారు, అలాంటప్పుడు చేతి నుంచి చేతికి ఆడియో అందించే ఏర్పాటు మంచిదేనా అని. నెట్ ఆపడానికీ హద్దులున్నాయని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో చెప్పింది. ఉత్తర్వు బయట పెట్టాలి, అవసరానికి మించకూడదు, నిరవధికంగా ఉండకూడదు అంది. రోజుల తరబడి ఒక జిల్లా మొత్తాన్ని ఆపేయడం ఆ కొలతకు ఎక్కువే అని నా అభిప్రాయం. అది పక్కన పెట్టినా, పుకారు నడిచేది పేరూ తేదీ లేని ఫార్వర్డ్‌లో. ఫీడ్‌లో వచ్చిన ఫైలుకు చేసినవాళ్ల పేరుంటుంది, తేదీ ఉంటుంది. మే నెల మొదట్లో దాచుకున్న వ్యవసాయ పాఠం మే 24 సాయంత్రం పుకారును ఎలా మోస్తుంది? గొడవ రోజుల్లో ఇళ్లల్లో కూర్చున్న జనానికి వినడానికి నిదానమైన మాట ఏదో ఒకటి ఉండడం శాంతికి మేలే చేస్తుంది.

కార్యక్రమాలు చేసేవాళ్ల కష్టం మాటేమిటన్న అభ్యంతరమే అన్నిటికన్నా బరువైనది. జీపాడర్‌తో తెచ్చుకున్న ఫైలు కూడా వాళ్ల లెక్కలో డౌన్‌లోడ్‌గానే పడుతుంది, ఫైల్లో కలిపిన ప్రకటనలూ వస్తాయి. కానీ ఒక కంప్యూటర్ నుంచి పది ఫోన్లకు ఎక్కిస్తే తొమ్మిది మంది విన్నది లెక్కకు రాదు. ఈ నష్టం నిజం. దాన్ని భర్తీ చేసే దారి శ్రోతలు నేరుగా నాలుగు రూపాయలు పంపడమే, తెలుగులో ఆ అలవాటు ఇంకా ఊపందుకోలేదు. అయినా కార్యక్రమాలు చేసేవాళ్లను నేను కోరేది ఒక్కటే: కార్యక్రమాన్ని ఏదో ఒక యాప్‌లో బంధించి ఫీడ్ మూసేయకండి.

మిగిలింది ఊరి వంతు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. రోడ్డు లేని చోటికి నీళ్ల మీద చదువు వెళ్లింది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో శాఖా గ్రంథాలయాలున్నాయి, ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు. ఆ మూడు చోట్లా ఒక్కో పాత కంప్యూటర్ మీద లినక్స్, దానికి ఒక టీబీ డిస్కు పెడితే, కుదించకుండానే 17 వేల గంటల ఆడియో పడుతుంది. తెలుగులో బహిరంగంగా దొరికే సాహిత్య, వ్యవసాయ, ఆరోగ్య, పరీక్షల కార్యక్రమాల ఫీడ్లు చేర్చి, బల్ల మీద రెండు తీగలు ఉంచితే, పేపర్ చదవడానికి వచ్చిన మనిషి వారానికి సరిపడా ఎక్కించుకుని వెళ్తాడు. జిల్లా గ్రంథాలయ సంస్థ వచ్చే వానాకాలం లోపు ముందుగా లంకలకు దగ్గరగా ఉన్న ఒక్క శాఖలో ఇది మొదలుపెట్టాలి. ఫీడ్ల జాబితా ఓపీఎంఎల్ ఫైలుగా తయారయ్యాక, తక్కిన శాఖలకు దాన్ని కాపీ చేసి ఇవ్వడం పూట పని.