సైకిలువాని రాజీ

గుంటూరు, ప్రకాశము జిల్లాలలో మిరప కోతల దినములు వచ్చెనా, రహదారుల రూపమే మాఱిపోవును. టిక్కీల బరువుతో లారీలును ట్రాక్టర్లును గుంటూరు మిర్చియార్డు దారి పట్టును. ఆ దారినే, ప్రొద్దు పొడువకమునుపు, పాలక్యానులు తగిలించుకొన్నవాడును, జిన్నింగు మిల్లునకు పనికి పోవువాడును, రాత్రి కాపలా ముగించి యింటికి మరలువాడును సైకిళ్లపై సాగుచుందురు. మన కూరలోని కారమును, మన ఒంటిమీది నూలుబట్టయు ఇట్టివారి కష్టము వలననే మనకు చేరుచున్నవి. ఆ దారిలో నొక సైకిలు నలిగినప్పుడు మన సంఘము చేయుచున్నదేమో చదువరులు నిదానించి విచారింతురు గాక.

మొదటిది ఆసుపత్రి. అచ్చట తఱచుగా వినవచ్చు మొదటిమాట "ముందు డబ్బు కట్టుడు" అనునది. రెండవది అప్పు. నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి నోటు వ్రాయుటయో, భార్య మెడలోని బంగారము కుదువబెట్టుటయో జరుగును. మూడవది రాజీ. పెద్దమనుషులు కూర్చుండి, "జరిగినదేదో జరిగినది, అంతయు తలవ్రాత. కోర్టుల చుట్టు తిరిగినచో ఉన్న కూలియు పోవును. బాబుగారు దయదలచి యిచ్చునది పుచ్చుకొని కాగితముపై వ్రేలిముద్ర వేయుము" అని బోధింతురు. ఈ రాజీనే మేము ఖండించుచున్నాము. దయయను పేరు పెట్టుకొన్న అపహరణమిది.

ఏలయన, బీమా లేని వాహనము రోడ్డు నెక్కరాదని 1988 మోటారు వాహనముల చట్టము శాసించుచున్నది. 1939 నాటి చట్టమునందును ఈ నిర్బంధము కలదు. గాయపడినవాడు పరిహారము కోరుటకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు కలవు. తాను నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ పెట్టుకొనవచ్చును. అట్లుండగా, బీమా కల యజమానియే రాజీకేల తొందరపడవలెను? పాలసీ గడువు దాటియుండును. లేదా డ్రైవరునకు లైసెన్సు లేకుండును. లేదా క్రిమినలు కేసు భయముండును. అనగా ఆ రాజీ సొమ్ము గాయమునకు వెల కాదు, యజమాని తప్పును కప్పు ముసుగునకు వెల. పైగా, నిర్లక్ష్యముగా నడిపి ప్రాణము తీసిన నేరము పెద్దమనుషుల రాజీతో మాసిపోవునది కాదు. చట్టము దానిని రాజీకి లోబడు నేరములలో చేర్చలేదు.

ఇక లెక్క చూడుడు. నలువదియైదేండ్ల కూలి యొకడు నెలకు 12,000 రూపాయలు తెచ్చుచు, భార్యను, ఇద్దఱు పిల్లలను, తల్లిని పోషించుచు ప్రమాదమున మరణించెననుకొందము. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసునందును, 2017లో ప్రణయ్ సేఠీ కేసునందును చూపిన పద్ధతి యిది. ముందుముందు పెరుగగల రాబడికై నూటికి 25 వంతులు కలిపిన 15,000 అగును. అతని సొంత ఖర్చు క్రింద నాల్గవవంతు తీసివేయగా 11,250 మిగులును. ఏడాదికి 1,35,000. ఆ వయసునకు గుణకము 14. వెరసి 18,90,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు మొదలైనవి దీనికి అదనము. రావిచెట్టు క్రింద లక్షయో రెండు లక్షలో చేతబెట్టి "మా ధర్మము మేము చేసితిమి" అనువారు ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొందురు గాక.

ఆసుపత్రి మాటయు నిట్టిదే. 1989లో పరమానంద కటారా కేసునందు సుప్రీంకోర్టు, పోలీసు లాంఛనములకై వేచియుండక గాయపడినవానికి చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధి యని తీర్మానించినది. కారు తగిలి నెత్తురోడుచున్న స్కూటరువానిని ఆసుపత్రివారు త్రిప్పి పంపిన కథయే ఆ వ్యాజ్యమునకు మూలము. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, రోడ్డు ప్రమాద బాధితునకు నిర్ణీత ఆసుపత్రులలో ఏడు దినములవఱకు లక్షన్నర రూపాయల మేరకు నగదు లేని చికిత్స జరుగవలెను. హక్కు కాగితముపై నుండగా పుస్తెలు కుదువకొట్టుకు పోవుట మన అజ్ఞానమునకు జరుగుచున్న జరిమానా.

కొందఱందురు: "కోర్టు ఏండ్లకొలది సాగును, వచ్చినదానిలో వకీలు వాటా కొట్టును." ఈ మాటలో సత్యము లేకపోలేదు. ఆలస్యము నిజమే, కాని ట్రిబ్యునలు అర్జీ నాటినుండి వడ్డీ వేయవచ్చును. తీర్పు సొమ్ములో వాటాకు ఒప్పందము చేసికొనరాదని బార్ కౌన్సిల్ నియమములే వకీలును నిషేధించుచున్నవి. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఏర్పఱచును. మఱికొందఱు "సైకిలుకు దీపము లేదు, తప్పు వానిదే" యందురు. వాని తప్పు నిజముగా రుజువైనను పరిహారము ఆ మేరకు తగ్గునే కాని దీపము లేనంతమాత్రమున హక్కు తుడిచిపెట్టుకొనిపోదు. అదియుగాక 164వ సెక్షను క్రింద ఎవరి తప్పనియు రుజువు చేయనక్కఱలేకయే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు కోరవచ్చును. గుద్దినవాడు పాఱిపోయి జాడ తెలియకున్నను, మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 కలవు.

అయితే రాజీల పేర కాలము గడపుటలో పెద్ద అపాయము గలదు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ అర్జీకి ఆఱు నెలల గడువు పెట్టినది. ఈ గడువు సుప్రీంకోర్టులో ప్రశ్నింపబడినను, బీదవాడు దానిని నమ్ముకొని ఊరకుండరాదు. "రేపు, మాపు" అని త్రిప్పుకొను యజమానికి ఈ గడువు సంగతి బాగుగ తెలియును, తెలియనిది గాయపడినవానికే.

కావున విద్యావంతులగు గృహస్థులతో మా మనవి యిది. ముందుగా మీ కారునకును మీ ట్రాక్టరునకును బీమా కలదా, మీ డ్రైవరునకు లైసెన్సు కలదా యని నేడే చూచుకొనుడు. రోడ్డుపై పడియున్నవానిని చూచి ముఖము త్రిప్పుకొనకుడు. సదుద్దేశముతో సాయపడినవారిని చట్టము కాపాడుచున్నది. వాహనపు నెంబరు వ్రాసికొనుడు. పోలీసు ఫిర్యాదు నకలును, ఆసుపత్రి రసీదులును ఒక్కటియు పాఱవేయవలదని ఆ యింటివారికి చెప్పుడు. తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయనీయకుడు. ముఖ్యముగా, పెద్దమనుషులలో ఒకరుగా మిమ్ము పిలిచినప్పుడు, ఆ కుటుంబమునకు న్యాయముగా రావలసినదెంతయో లెక్కకట్టి బిగ్గరగా చదివి వినిపింపుడు. ఆ లెక్క విన్నపిమ్మట తలవ్రాతను గూర్చి మాటలాడుటకు అచ్చట నెవరికి నోరాడునో చూతము.